పులి-మేక ఆడే పెట్టె మనమే చేసుకుందాం

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి. ముఖ్యంగా ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవాలి.

మేం అడిగేది ఒకటే. ఈ ఎండాకాలం సెలవుల్లో మన పిల్లలు ఇద్దరిద్దరు కలిసి, జేబులో పట్టే గేమ్ పెట్టె ఒకటి సొంతంగా తయారు చేయాలి. వైఫై ఉన్న చిన్న చిప్పు బోర్డు, బొటనవేలంత స్క్రీను, ఆరు బటన్లు, ఒక బ్యాటరీ చాలు. విడిభాగాలన్నీ కలిపి దాదాపు వెయ్యి రూపాయల్లో అయిపోతాయి.

వినగానే పెద్దోళ్లు కొందరు “గేములా? ఉన్న చదువు కూడా చెడగొట్టడానికా?” అంటారు. వాళ్ల భయంలో అర్థం ఉంది. తండాల్లో ఫోన్లో రమ్మీ ఆడి, క్రికెట్ బెట్టింగు పెట్టి అప్పులపాలైన పిల్లల గురించి మనందరికీ తెలుసు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన అలవాటు పోదు కదా. అయితే సొంతంగా ఒక చిన్న పాచికల ఆట రాసిన పిల్లోడికి ఒక సంగతి అర్థమవుతుంది. పాచిక ఎప్పుడు ఆరు పడాలో, ఎన్నిసార్లకు ఒకసారి గెలిపించాలో ప్రోగ్రాం రాసినోడి చేతిలో ఉంటుంది. ఒక్క లైను మారిస్తే అదృష్టం మారిపోతుంది. ఆ లైనును తన చేత్తో మార్చి చూసినోడు వేరేవాడి యాప్‌లో వెయ్యి రూపాయలు పెట్టే ముందు ఒకసారి ఆగి ఆలోచిస్తాడు. పెద్దల భయానికి మా జవాబు ఇదే.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంటుంది? ఈఎస్‌పీ8266 అనే చిప్పు. చైనాలో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2014లో తెచ్చింది. 80 మెగాహెర్ట్జ్ వేగం, ప్రోగ్రాంకు దాదాపు 80 కేబీ మెమొరీ. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తోనే దీనికి ప్రోగ్రాం రాయొచ్చు. తక్కువే అనిపిస్తుందేమో! 1989లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన గేమ్ బాయ్ నడిచింది దాదాపు 4 మెగాహెర్ట్జ్ వేగంతో, 8 కేబీ ప్రధాన మెమొరీతో. దాని తర్వాత వచ్చిన రంగుల మోడల్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ యంత్రం వెనక ఉన్న మనిషి గున్‌పే యొకోయ్. 1965లో ఆయన ఆ కంపెనీలో చేరింది పేకముక్కల ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే ఉద్యోగానికి. కొత్తగా వచ్చిన ఖరీదైన భాగాల వెంట పడకుండా, అప్పటికే చవకైపోయిన, బాగా నలిగిన భాగాలతో కొత్త పని చేయించడం ఆయన పద్ధతి. మనకు కావాల్సిన పద్ధతి కూడా అదే. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొనిచ్చేవాళ్లు మనకు లేరు. చవక భాగాలు మాత్రం దొరుకుతున్నాయి.

ఇప్పుడు అసలు బాధ. ఫైనల్ ఇయర్ వచ్చేసరికి మనోళ్లు చాలామంది ప్రాజెక్టు కొనుక్కుంటున్నారు. వేలకు వేలు కట్టి డబ్బాలో తయారుగా ఉన్న బోర్డు, దాంతోపాటు ప్రింటు తీసిన రిపోర్టు తెచ్చుకుంటారు. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయిన అమ్మానాన్నల కూలి డబ్బు అది. వైవాలో “ఈ రెసిస్టరు ఎందుకు పెట్టావు?” అని అడిగితే నోరు పెగలదు. రేపు ఇంటర్వ్యూలో కూడా అంతే. తెలివి తక్కువై కాదు ఇదంతా. సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకునే అవకాశం ఎవరూ ఇవ్వకపోవడం వల్ల.

కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ 2021 డిసెంబరులో మొదలైంది. సీసీ కెమెరాలు అక్కడ తయారవుతున్నాయి. మన ఊళ్ల నుంచి బస్సెక్కితే చేరుకునే దూరంలో ఉంది. అక్కడికి మన పిల్లలు ఏ పనికి పోవాలి? గేటు దగ్గర కాపలాకు, ప్యాకింగ్‌కు మాత్రమేనా? బోర్డు చెడిపోతే ఎక్కడ చెడిందో కనిపెట్టి బాగుచేసే బల్ల దగ్గర మనోళ్లు ఎందుకు కూర్చోకూడదు? రిజర్వేషన్ సీటు దాకా తీసుకుపోతుంది. ఆ బల్ల దగ్గర నిలబెట్టేది చేతిపని. ఈ చిన్న పెట్టె ఆ చేతిపనికి మొదటి మెట్టు అని మా నమ్మకం.

ఏ ఆట పెట్టాలి అంటారా? ముందు పులి-మేక. పాత గుళ్ల మండపాల బండల మీద, రచ్చకట్టల మీద గీసి ఉంటుంది చూడండి, ఆ ఆట. 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తాయి. ప్రోగ్రాం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు. ఒక్కో బిందువు దగ్గర మూడే సంగతులు: ఖాళీ, పులి, మేక. రెండేసి బిట్లు చొప్పున లెక్కేస్తే పట్టం మొత్తం 46 బిట్లు, అంటే 6 బైట్లలో ఇమిడిపోతుంది. ఏ బిందువు నుంచి ఏ బిందువుకు గీత ఉందో ఒక పట్టికగా రాసుకోవాలి. కాలేజీలో గ్రాఫ్ అని చెప్పి భయపెట్టే పాఠం ఇదే. మన తాతలు బండ మీద బొగ్గుతో గీసి ఆడుకున్నారు.

వైఫై ఎందుకు అని అడగొచ్చు. నల్లమల లోపలి చెంచు గూడేల్లో సిగ్నల్ సంగతి మనకు తెలుసు. ఈ చిప్పుల్లో ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతి ఉంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, రూటర్ అక్కర్లేదు, రీచార్జ్ అసలే అక్కర్లేదు. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నేరుగా సందేశం పోతుంది. ఒక్కో సందేశంలో 250 బైట్ల దాకా పంపొచ్చు. మన ఆటకు పది బైట్లు చాలు. ఒకరు పులి, ఒకరు మేక, ఈ అరుగు మీద ఒకరు, ఆ అరుగు మీద ఒకరు. టవర్ లేని చోట కూడా నడిచే ఆట ఇది.

బొమ్మల విషయంలో మన ఆడపిల్లలు అందరికంటే ముందుంటారని మా అభిప్రాయం. స్క్రీను అంటే అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు. 16 గడుల చదరంలో పులి బొమ్మ గీయాలంటే ఏ చుక్క వెలగాలి, ఏది ఆరాలి అని లెక్కపెట్టుకోవాలి. మన సుగాలి అమ్మల కుట్టుపనిలో త్రిభుజాలు, చదరాలు ఎలా వస్తాయి? కుట్లు లెక్కపెట్టి కదా. గళ్ల నోటుబుక్కు తీసుకుని అమ్మ దగ్గర కూర్చుంటే సగం పని అయిపోతుంది. మాటలు కూడా మన భాషలోనే పెడదాం. గోర్ బోలీ అయినా, ఎరుకల భాష అయినా తెలుగు అక్షరాల్లో రాయండి. ఒక చిక్కు ఉంది. ఈ చిన్న లైబ్రరీలు మన ఒత్తులు, గుణింతాలు సరిగా పేర్చలేవు. అందుకే “గెలిచావు” లాంటి మాటను మొత్తంగా బొమ్మగా మార్చి పెట్టుకోవాలి.

చేసేవాళ్లకు మూడు జాగ్రత్తలు. ఒకటి, బటన్లు. జీపీఐఓ 0, 2, 15 కాళ్లకు నేరుగా బటన్లు పెడితే, ఆ బటన్ నొక్కి ఉంచి ఆన్ చేసినప్పుడు బోర్డు లేవదు. ఆ కాళ్లను చూసే చిప్పు ఎలా మొదలవ్వాలో తేల్చుకుంటుంది. పీసీఎఫ్8574 అనే చిన్న చిప్పు పెట్టుకుంటే స్క్రీనుకు వాడే రెండు వైర్ల మీదే ఎనిమిది బటన్లు వస్తాయి. రెండు, కరెంటు. లిథియం బ్యాటరీ నిండితే 4.2 వోల్టులు ఉంటుంది, చిప్పుకు కావాల్సింది 3.3. నేరుగా కలపొద్దు, రెగ్యులేటర్ ద్వారానే ఇవ్వాలి. ఒక్కరే ఆడేటప్పుడు వైఫై ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. మూడు, అన్నిటికంటే ముఖ్యం, మన ఎండ. రక్షణ సర్క్యూట్ ఉన్న చార్జింగ్ మాడ్యూలే వాడాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట రేకుల షెడ్డులో, కిటికీ పక్కన పెట్టి చార్జింగ్ చేయొద్దు. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీ చార్జింగ్ మంచిది కాదు. పాత ఫోన్ల నుంచి పీకిన ఉబ్బిన బ్యాటరీలను అసలు ముట్టుకోవద్దు.

ఇక ఎవరు ఏం చేయాలి? కర్నూలు ట్రిపుల్ ఐటీలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, పాలిటెక్నిక్‌లలో చదివే అన్నలు, అక్కలు సెలవులకు ఊరొచ్చినప్పుడు రెండు రోజులు కేటాయించండి. మీ తండాలో, మీ గూడెంలో, దగ్గరి హాస్టల్లో నలుగురు పిల్లలను కూర్చోబెట్టి చేయించండి. మీరు చేసి చూపించొద్దు, వాళ్ల చేతికే ఇవ్వండి. మొదటి రోజు స్క్రీను మీద ఒక చుక్క కదిలితే చాలు.

బడి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో పది వేల బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెట్టారు. ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం ఉంటుంది. 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం పెట్టినవి అవి. మీ పిల్లల బడిలో ఆ ల్యాబు ఉందా, ఉంటే తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారు అని మర్యాదగా అడగండి. అడగడం మన హక్కు. ఇన్స్‌పెక్షన్ రోజు తుడిచి చూపించడానికి కాదు కదా ఆ సామాను.

ఫైనల్ ఇయర్ వాళ్లకు గట్టిగానే చెబుతున్నాం. ప్రాజెక్టు కొనొద్దు. మీ చేత్తో చేసిన వెయ్యి రూపాయల పెట్టె, కొన్న పది వేల డబ్బా కంటే వైవాలో ఎక్కువ మాట్లాడుతుంది. ఎందుకంటే దాని గురించి మీకు తెలుసు. డ్యామేజీ అయిన వైరు ఏదో, ఎందుకు మార్చారో చెప్పగలరు.

ఎవరైనా మొదలుపెడితే ఫోటో ఇక్కడే పెట్టండి. పని చేయకపోయినా పెట్టండి, తెలిసిన అన్నలు చూసి చెబుతారు. పులి బొమ్మ ఎవరిది బాగుందో అమ్మలే తేలుస్తారు.

జై ఆదివాసీ.