ఒక్క ఆజ్ఞ - వెయ్యి కంప్యూటర్లు

మా బడి కంప్యూటర్ గదిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్ను నిలదీశాడు. "మాస్టారూ, దీని ముందు కూర్చునేది నేను. ఇందులో ఏ ప్రోగ్రాం ఉండాలో ఎక్కడో ఉన్నవాళ్లు నిర్ణయించడమేమిటండీ?" అన్నాడు. ప్రశ్న బాగుంది. జవాబు చెప్పే ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, నేను మరో బడిలో పనిచేస్తున్నప్పుడు, ఇరవై కంప్యూటర్లలో వైరస్ నిరోధక ప్రోగ్రాం పెట్టే పని నాకు అప్పగించారు. పెన్‌డ్రైవ్ పట్టుకొని ఒక్కొక్కదాని దగ్గరకూ వెళ్లాను. పద్దెనిమిది పూర్తయ్యేసరికి సాయంత్రం గంట కొట్టారు. మిగిలిన రెండూ రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు. నెల తిరక్కుండానే ఆ రెండింటిలో వైరస్ చేరి, పిల్లలు దాచుకున్న ప్రాజెక్టు పనులన్నీ పాడుచేసింది.

ఇరవైకే ఇలాగైతే, వేల కంప్యూటర్లున్న బ్యాంకు మాటేమిటి? విండోస్ కంప్యూటర్ల నెట్‌వర్కులలో ఇందుకు 'గ్రూప్ పాలసీ' అనే పద్ధతి ఉంది. ఇది విండోస్ 2000తో మొదలైంది. మన హెడ్మాస్టరుగారి నోటీసు పుస్తకం వంటిదే. నోటీసుపై "పదో తరగతికి మాత్రమే" అని రాస్తే అది ఆ తరగతికే వర్తిస్తుంది కదా! అలాగే కంప్యూటర్లను గుంపులుగా విభజించి, ఏ ఆజ్ఞ ఏ గుంపుకో రాస్తారు. రక్షణ ప్రోగ్రాంను అన్ని కంప్యూటర్లూ చదవగలిగే ఒక ఉమ్మడి ఫోల్డరులో ఉంచుతారు.

అయితే ఒక తేడా ఉంది. నోటీసు పుస్తకం తరగతుల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ కంప్యూటర్లే "కొత్త ఆజ్ఞ ఏమైనా ఉందా?" అని కేంద్ర కంప్యూటరును అడుగుతాయి. మామూలుగా 90 నిమిషాలకోసారి అడుగుతాయి. దానికి 30 నిమిషాల లోపు ఎంతో కొంత అదనంగా కలుపుకుంటాయి. ఎందుకంటారా? మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ ఒకే కుళాయి దగ్గరకు పరుగెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు! ఇక ప్రోగ్రాం సాధారణంగా కంప్యూటరును మళ్లీ ఆన్ చేసినప్పుడు దానంతటదే చేరుతుంది. నాలాంటివాడి మతిమరుపుతో దానికి పనిలేదు.

మతిమరుపు ఎంత ఖరీదైనదో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రాం సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. బ్రిటన్ ఆసుపత్రులు వేల మంది రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. నిజానికి అది దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే విడుదల చేసింది. మందు ఉంది, అందరూ వేసుకోలేదు.

అయితే పెత్తనమంతా ఒకే చేతికి ఇస్తే చాలునా? చాలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన రక్షణ ప్రోగ్రాంకు ఒక సవరణ పంపింది. అది వెళ్లింది గ్రూప్ పాలసీ ద్వారా కాదు, ఆ సంస్థ సొంత మార్గంలోనే. కాని సూత్రం అదే: ఒకచోటి నుంచి అందరికీ. దానిలో తప్పు దొర్లింది. సుమారు 85 లక్షల కంప్యూటర్లు కుప్పకూలాయి, విమానాలు ఆగిపోయాయి. 78 నిమిషాలలో ఆ సవరణను వెనక్కు తీసుకున్నా, అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా లేపవలసి వచ్చింది.

కనుక నా అభిప్రాయం ఇది. ఒకరి అజాగ్రత్త అందరికీ చేటు తెచ్చేచోట ఆజ్ఞ ఒకచోటి నుంచే రావాలి. కాని ఆజ్ఞ ఇచ్చేవారు ముందుగా నాలుగైదు కంప్యూటర్ల చిన్న గుంపుపై పరీక్షించాలి. ప్రయోగశాలలో కొత్త ద్రావణాన్ని ముందు పరీక్షనాళికలో కొద్దిగా తీసుకొని చూడమని చెప్తాం కదూ! అంతేకాదు, ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో వాడేవారికి చెప్పాలి. ఆ కుర్రవాడు అడిగింది అదే. అడగడం అతని హక్కు.

రేపు మీ బడి కంప్యూటర్ గదికి వెళ్లినప్పుడు మాస్టారిని రెండు ప్రశ్నలు అడగండి. ఇక్కడ కంప్యూటర్లు ఎన్ని? వాటిలో రక్షణ ప్రోగ్రాం ఉన్నవి ఎన్ని? రెండు అంకెలూ ఒకటే కాకపోతే, ఆ తేడాను రేపటికి వాయిదా వేయనివ్వకండి.