గెడ్డ వరదయు, సంత బేరమును

కొండవాగు మనుష్యుని కొట్టుకొనిపోయినప్పుడెల్ల వానను, విధిని నిందించుట లోకమున పరిపాటి. మన్యపు గెడ్డలలో పోవు ప్రాణములలో కొన్నింటికి సంత బేరమును, అప్పు వాయిదాయును గూడ కారణములని మా అభిప్రాయము.

పాడేరు, అరకు ప్రాంతముల రైతు పసుపో చింతపండో మూటగట్టుకొని వారమున కొకమారు సంతకు బయలుదేరును. పోవునపుడు గెడ్డలో నీరు చీలమండ లోతు. మధ్యాహ్నము పైకొండపై వాన కురియును. సంతలో చినుకైన పడకపోవచ్చును. సాయంకాలము మరలివచ్చునప్పటికి గెడ్డ యెఱ్ఱబడి యుండును. ఇంట పసిపిల్లలు, పశువులు. అవతలి గట్టు కన్నులకు కనబడుచునే యున్నది. ఉదయమే గెడ్డ పొంగెనా, ఆగినచో వారము బేరము పోవును, వాయిదా దాటును. ఇట్టి స్థితిలో దిగవలదని చెప్పుట సులభము.

మైదానపు పెద్ద యేటి వరద పెరుగుటకు దినములు పట్టవచ్చును. కొండవాగునకు కొన్ని గంటలు, ఒక్కొక్కచో నిమిషములే చాలును. గంటలో 100 మిల్లీమీటర్లు కురిసినచో వాతావరణశాఖవారు మేఘ విస్ఫోటనమందురు. ఒక్క యెకరమునకు లెక్కవేసిన అది 4 లక్షల లీటర్లకు పైబడు నీరు. ఏటవాలు నేలపై, అందును చెట్లు కొట్టినచోట, అది చాలవఱకు ఇంకదు; ఎన్నియో యెకరముల నీరు ఒక్క సన్నని గెడ్డలోనికే దిగవలసి యుండును. జానెడు లోతున ఉరవడిగా పారు నీరు పెద్దవానిని పడద్రోయగలదు. రెండడుగుల నీరు మోటారు బండినే ఈడ్చుకొనిపోవును. రాళ్లతో, దుంగలతో దిగు ప్రవాహములో ఈత యేమి అక్కఱకు వచ్చును?

నీరు హఠాత్తుగా బురదరంగు తిరిగినను, ఆకులు పుల్లలు తేలివచ్చినను, ఎగువనుండి హోరు వినబడినను క్షణమాగక గట్టుపైకి ఎక్కవలెను. వాన కురియుచుండగా గెడ్డ సన్నగిల్లిన అది మఱియు ప్రమాదము: పైన కొండచరియ విరిగి నీటికి అడ్డుపడి యుండవచ్చును. అది తెగినచో వాగంతయు ఒక్కసారి మీదపడును.

దారియే గాక, ఇల్లు కట్టుకొన్న చోటును గూడ చూచుకొనవలెను. 2024 జూలై 30వ తేదీన, తెల్లవారక మునుపే, కేరళలోని వయనాడు కొండలలో ముండక్కై, చూరల్‌మల ఊళ్లపై బురదయు బండలును వాగువెంట వచ్చి పడెను. రెండువందల మందికి పైగా మరణించిరి. పెక్కుమంది నిద్రలోనుండిరి. వాన వదలని రాత్రులలో గట్టునంటిన యిండ్లవారు మిట్టనున్న బంధువుల యింట పండుకొనుట నామోషీ కాదు.

భారత వాతావరణశాఖ 2020 నుండి ఆకస్మిక వరదలను గూర్చి 6 గంటలకును, 24 గంటలకును సూచనలు సిద్ధము చేయుచున్నది. ఫోను అందని యూళ్లకు ఆ వార్త చేర్చుట యెట్లు? ఎగువ యూరివారు దిగువకు డప్పు కొట్టవలెను. ఇది సభ్యులు తమలో తాము చేసికొనదగిన యేర్పాటు.

సంఘము చేయవలసినది వేఱొకటి కలదు. గెడ్డ కీవలనే, ఊరి ప్రక్కన, చిన్న గిడ్డంగి పెట్టి సరకు తూచి కొంత సొమ్ము ముందుగా ఇయ్యవలెను. గెడ్డ అడ్డగించిన దినములకు అపరాధ వడ్డీ వేయరాదు. "ఎగవేతదారులందఱును గెడ్డ పేరు చెప్పుదు"రని పాలకవర్గములో కొందఱు ఆక్షేపింపవచ్చును. రేవువద్ద బండపై జానెడు ఎత్తున ఎఱ్ఱగీత గీయించి, నీరు దానిని దాటిన దినములను ఊరి పెద్దలచే పుస్తకములో వ్రాయించిన ఆ వివాదము చాలవఱకు తీరును. అయినను అబద్ధమాడువా డొకడుండవచ్చును. వాని కొఱకు నిజమాడు పదుగురిని నీటిలోనికి దింపుట మాకు సమ్మతము కాదు.

ఈ విషయమును సర్వసభ్య సమావేశమున చర్చకు తేవలసినదని సభ్యులను కోరుచున్నాము. ఎఱ్ఱగీత గీయుటకు గెడ్డలు ఎండియుండు వేసవియే తగిన కాలము.