సిస్టర్ గారి ఓటు ఎక్కడుంది?

మా ఊళ్లో కాన్వెంట్ గంట తెల్లవారుజామున నాలుగున్నరకి మోగుతుంది. నేను పదో తరగతి దాకా చదివింది అక్కడే. కానీ ఆ గేటు లోపల సిస్టర్ల రోజు ఎలా గడుస్తుందో తెలిసింది మాత్రం సంక్రాంతి సెలవుల్లో. అదీ ఫారం 8 పుణ్యమా అని!

విషయం ఏంటంటే, హాస్టల్ ముందు సైడు కాలువ పూడిపోయింది. వాన పడితే మురుగంతా గేటు లోపలికే. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దాటుతుంటారు. సిస్టర్లు రెండేళ్లలో నాలుగు అర్జీలు ఇచ్చారు. చివరికి వార్డు నాయకుడి మనిషొకడు వచ్చి, ఫోన్‌లో ఓటర్ల జాబితా చూసి, "అమ్మగారూ, మీరు పదకొండు మంది. ఓట్లేమో మూడే కదా!" అని నవ్వి వెళ్లాడట.

లెక్క కరెక్టే. సిస్టర్లకి కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్. పెట్టె సర్దుకుని కొత్త ఊరు వచ్చేస్తారు, ఓటు పాత ఊళ్లోనే ఉండిపోతుంది. ఎన్నికలప్పుడు మాత్రం అందరూ వస్తారు. ప్రార్థన చేయించుకుని, ఫొటో దిగి, స్టేటస్ పెట్టుకుంటారు. "పోయినసారి ముగ్గురొచ్చారు నాన్నా. ముగ్గురికీ ఒకటే ప్రార్థన చేశాం" అన్నారు మా లెక్కల సిస్టర్. ఆవిడ మూడు ఊళ్లు తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చారు.

"మీరే నిలబడొచ్చుగా సిస్టర్?" అన్నాను సరదాగా. కుదరదు. అధికారం చలాయించే ప్రభుత్వ పదవులు ఫాదర్లు చేపట్టకూడదని క్యాథలిక్ చర్చి చట్టం. సిస్టర్లకీ అదే రూలు. ఓటేయడానికి మాత్రం అడ్డేం లేదు. పన్నుకి మినహాయింపూ లేదు. పేదరిక వ్రతం తీసుకుంటారు కాబట్టి జీతం సంఘానికే వెళ్తుంది. అయినా ఎయిడెడ్ స్కూళ్లలో పనిచేసే సిస్టర్ల జీతంలో టీడీఎస్ కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

సరే, ఎనిమిది ఫారాలూ నేనే నింపుతానన్నా. వాళ్ల టైంటేబుల్లో ఖాళీ దొరకడమే గగనం. ధ్యానం, ఆరింటికి పూజ, హాస్టల్ పిల్లల ఉప్మా, స్కూలు, మందుల గది, సాయంత్రం జపమాల, రాత్రి ప్రార్థన అయ్యాక మౌనం. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు దొరికేవి. మూడు రోజులు పట్టింది.

చిరునామా రుజువు దగ్గర ఆగిపోయాం. కరెంటు బిల్లు సంస్థ పేరు మీద ఉంది. అద్దె అగ్రిమెంట్ ఎలాగూ ఉండదు. బ్యాంకు పాస్‌బుక్కులే గట్టెక్కించాయి. ఇంకో చిక్కు, పేరు. మనం పిలిచేది మఠంలో చేరాక తీసుకున్న పేరు, కార్డులో ఉండేది ఇంట్లో పెట్టిన పేరు. నాకు లెక్కలు నేర్పిన సిస్టర్ అసలు పేరు పదిహేనేళ్ల తర్వాత నా ఫోన్‌లో చూశా. అదిక్కడ రాయను. ఆవిడ కాసేపు స్క్రీన్‌నే చూసి, "మా అమ్మ పోయాక ఇలా పిలిచేవాళ్లు లేరు" అన్నారు.

ఫోన్ తిరిగిచ్చేస్తూ అడిగారు: "మరి నీ ఓటెక్కడ?"

"ఇక్కడే సిస్టర్."

"ఉండేది?"

"హైదరాబాద్. ఆరేళ్లయింది."

ఆవిడ ఇంకేం అనలేదు. బోర్డు మీద లెక్క వేసి, జవాబు మమ్మల్ని చెప్పమన్నప్పుడు చూసినట్టే చూశారు. రోజూ ఆ మురుగు దాటే ఆవిడకి ఆ వార్డులో ఓటు లేదు. పండక్కొచ్చి వెళ్లిపోయే నాకుంది.

తర్వాత బీఎల్‌ఓ వచ్చి చూసి వెళ్లారు. ఏడుగురి ఓట్లు మారాయి, ఒకటి ఇంకా పెండింగ్. కాలువ అలాగే ఉంది. కానీ ఆ నాయకుడి మనిషే మళ్లీ వచ్చి, ఈసారి టేపు పెట్టి కొలిచి వెళ్లాడట.

తొమ్మిదో ఫారం నాదే, కూకట్‌పల్లి అడ్రస్‌తో. మా గల్లీలోనూ ఓ కాలువ పొంగుతూనే ఉంటుంది. ఎవరికి చెప్పాలో ఆరేళ్లలో ఒక్కసారి కూడా కనుక్కోలేదు నేను.

ఇంతకీ, మీ ఓటెక్కడుంది?