ఈ పడవలకు ఒక చెరువు కావాలి

మీటరు పైచిలుకు పొడవు, ఏడెనిమిది కిలోల బరువు. లోపల 12 లిథియం పాలిమర్ (లైపో) సెల్స్, అంటే 44.4 వోల్టులు. థ్రాటిల్ పూర్తిగా నొక్కితే 150 ఆంపియర్లు లాగుతుంది. లెక్క కడితే 6,660 వాట్లు, దాదాపు 9 హార్స్‌పవర్. మన పొలాల్లో బోర్ల మీద నడిచే 5 హెచ్‌పీ మోటార్లు రెండింటి శక్తికి కాస్త తక్కువ. ఇంత శక్తిని ఒక్కరే మోయగలిగే చిన్న పడవలో బిగించి, ఒడ్డున నిలబడి రిమోట్‌తో నడుపుతారు. బ్యాటరీలు 5,000 ఎంఏహెచ్‌వి అయితే ఆ జోరుకు రెండు నిమిషాల్లో ఖాళీ. లైపో బ్యాటరీని అడుగంటా వాడితే పాడవుతుంది, 80 శాతం దగ్గరే ఆపేయాలి. కాబట్టి చేతికి మిగిలేది తొంభై సెకన్ల పైచిలుకు పరుగు.

ఆ కాస్త పరుగు కోసం నెలల తరబడి రాత్రుళ్లు టంకం పెట్టుకుంటూ కూర్చునేవాళ్లను ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ వయసులో బొమ్మలాటేంటని. అది బొమ్మలాట కాదు. మన ఇంజినీరింగ్ విద్యలో నేటికీ చోటు దొరకని ఒక పెద్ద పాఠం. ఆ పాఠం నేర్చుకోవాలంటే నీళ్లు కావాలి, వేళలు కావాలి, కచ్చితమైన నియమాలు కావాలి. జిల్లాకొక చెరువులో ఓ మూలను ఇందుకు కేటాయించడం ప్రభుత్వాలకు పెద్ద భారమేమీ కాదు.

ఒక్క వోల్టేజీ సంగతే చూడండి. ఇదే 6,660 వాట్లను ఆరు సెల్స్‌తో, అంటే 22.2 వోల్టులతో రాబట్టాలంటే 300 ఆంపియర్లు కావాలి. కరెంటు రెట్టింపైతే అదే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఇది పదో తరగతి పిల్లలు పరీక్షలో రాసే సూత్రమే. మార్కులు వచ్చాక దాన్ని మరచిపోతారు. టంకం సరిగా అతకని ఒక కనెక్టర్ చేతిలో కాలినప్పుడు మాత్రం ఆ సూత్రం జన్మంతా గుర్తుంటుంది. పెద్ద పడవలు కట్టేవాళ్లు సెల్స్ పెంచి కరెంటు తగ్గించుకునేది అందుకే. అలా వోల్టేజీ పెంచితే మోటారును మార్చాలి. బ్రష్‌లెస్ మోటారుకు కేవీ అని ఒక కొలత ఉంటుంది, వోల్టుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 600 కేవీ మోటారుకు 44.4 వోల్టులు ఇస్తే, బరువు లేనప్పుడు నిమిషానికి 26,640 చుట్లు. ఆ వేగానికి ప్రొపెల్లర్ సైజు మారుతుంది, ప్రొపెల్లర్ మారితే కరెంటు మళ్లీ మారుతుంది.

బరువుదీ అదే కథ. పడవ వేగం అందుకున్నప్పుడు ముక్కు కొద్దిగా లేచి, నీటిని అతి తక్కువగా తాకుతూ జారిపోవాలి. అందుకు గరిమనాభి వెనక అంచు నుంచి సుమారు 30 శాతం పొడవు దగ్గర ఉండాలి. ఆ లెక్క కుదరడానికి బ్యాటరీలను ముందుకు జరిపి, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ దాకా తీగలు పొడిగించారనుకోండి. పొడవాటి తీగల వల్ల వోల్టేజీలో పోట్లు పుట్టి ఈఎస్‌సీలోని కెపాసిటర్లు పేలిపోతాయి. కాబట్టి తీగలు పొట్టిగా ఉంచాలి, లేదా అదనపు కెపాసిటర్లు కలపాలి. మెకానికల్, ఎలక్ట్రికల్ అని కాలేజీలో వేర్వేరు అంతస్తుల్లో ఉండే బ్రాంచీలు ఇక్కడ మీటరు పైచిలుకు పొడవులో ఒకదాని మీద ఒకటి పడి పోట్లాడుకుంటాయి. వాటిని రాజీ చేయడమే ఇంజినీరింగ్.

ప్రొపెల్లర్ పని దగ్గర కూర్చుని చూస్తే ఈ విద్యలోని ఓపిక అర్థమవుతుంది. పోటీల్లో వాడే లోహపు ప్రొపెల్లర్లు చాలావరకు పోత పోసినవి పోసినట్టే, మొరటుగా వస్తాయి. రెక్కల అంచులను ఆకురాయితో పదును పెట్టాలి. ఆ తర్వాత సన్నని ఇరుసుకు ఎక్కించి బ్యాలెన్సర్ మీద వదిలితే బరువైన రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. దాని వెనక వైపు కాస్త రుద్ది మళ్లీ వదలాలి. ఏ కోణంలో వదిలితే ఆ కోణంలోనే రెక్కలు నిలబడేదాకా ఇదే పని. నిమిషానికి పాతిక వేల చుట్లు తిరిగేదానిలో గోరంత బరువు తేడా ఉన్నా షాఫ్టు విరుగుతుంది. బెరీలియం కలిసిన రాగి ప్రొపెల్లరైతే ఇంకో జాగ్రత్త: ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. తడిపి రుద్దాలి, మాస్కు తప్పదు.

మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు శక్తిని మోసుకెళ్లేది ఫ్లెక్స్ షాఫ్టు, అంటే ఉక్కు తీగలు మెలేసిన కేబుల్. బరువు పడగానే ఆ మెలిక బిగుసుకుని కేబుల్ పొడవు తగ్గుతుంది. అందుకని వెనక కొన్ని మిల్లీమీటర్ల సందు వదలాలి, పరుగుల తర్వాత దాన్ని బయటకు లాగి తుడిచి గ్రీజు పెట్టాలి. మోటారునూ ఈఎస్‌సీనీ చల్లబరచడానికి చెరువు నీరే సన్నని గొట్టాల్లో తిరిగి పడవ పక్కనుంచి ధారగా బయటకు చిమ్ముతుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదట మెల్లగా ఒక చుట్టు తిప్పి ఆ ధార పడుతోందో లేదో చూస్తారు, అది కనబడ్డాకే థ్రాటిల్ పెంచుతారు. మన చెరువుల్లో గుర్రపుడెక్క ఎక్కువ. ఒక్క వేరు పోగు నీళ్ల గొట్టంలో ఇరుక్కుంటే చల్లబరిచే నీరు ఆగి, షాఫ్టుకు చుట్టుకుంటే కరెంటు పెరిగి, ఈఎస్‌సీ కాలిపోతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. వైర్‌లెస్ అదుపు అన్న ఆలోచన లోకానికి మొదట కనిపించిందే ఇలాంటి పడవ రూపంలో. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా నీళ్ల తొట్టెలో బ్యాటరీతో నడిచే చిన్న పడవను రేడియో తరంగాలతో తిప్పి చూపాడు. అదే ఏడాది నవంబర్ 8న దానికి పేటెంటు దక్కింది, సంఖ్య 613,809. ఈనాటి డ్రోన్ల వంశవృక్షాన్ని వెనక్కి చదువుకుంటూ వెళ్తే ఆ నీళ్ల తొట్టె దగ్గరికే చేరతాం.

ఆ పడవ వారసులు ఇప్పుడు ప్రాణాలు కాపాడుతున్నారు. అమెరికాలో తయారైన ఎమిలీ అనే రిమోట్ పడవ పొడవు సుమారు నాలుగడుగులు, బరువు 11 కిలోలు. బ్యాటరీతో నడుస్తుంది, మునిగిపోతున్నవాళ్లు దాన్ని పట్టుకుని తేలవచ్చు. 2016 జనవరిలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ మర్ఫీ బృందం దాన్ని గ్రీసులోని లెస్‌బోస్ దీవికి తీసుకెళ్లింది. సముద్రం దాటి వస్తున్న శరణార్థులను ఒడ్డుకు చేర్చడంలో అక్కడి తీర రక్షకులకు అది తోడైంది. మన విశాఖపట్నంలోనూ ఒక స్టార్టప్ రిమోట్‌తో నడిచే యూ ఆకారపు లైఫ్‌బాయ్‌ని తయారుచేసి ఆర్కే బీచ్‌లో పరీక్షించింది. గోదావరి, కృష్ణా, ఇంత పొడవైన సముద్ర తీరం, ఏటా వరదలు ఉన్న మనకు ఇలాంటివి పదుల్లో కాదు, వందల్లో కావాలి. వాటిని తయారుచేసే చేతులు ఎక్కడ తయారవుతాయి?

విశాఖలోనే డీఆర్‌డీవోకు చెందిన నౌకా విజ్ఞాన ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ ఉంది. అక్కడ 500 మీటర్ల పొడవైన తొట్టెలో ఓడల నమూనాలను లాగి పరీక్షిస్తారు. విలియం ఫ్రౌడ్ 1870లలో ఇంగ్లండులోని టార్కీలో మొదలుపెట్టిన పద్ధతి అది: పొడవు 16 రెట్లు తగ్గించిన నమూనాను నాలుగో వంతు వేగంతో నడిపితే, అలలు అసలు ఓడ దగ్గర లేచినట్టే లేస్తాయి. ఎన్‌సీసీ నౌకా విభాగం క్యాడెట్లకు షిప్ మోడలింగ్ నేటికీ అఖిల భారత నౌసైనిక్ శిబిరంలో పోటీ అంశం. కోరంగి, తాళ్లరేవు వడ్రంగులు కట్టిన కొయ్య ఓడలు సముద్రాలు దాటిన గడ్డ ఇది. కాకినాడ నుంచి భీమిలి దాకా మత్స్యకారుల ఫైబర్ బోట్లకు అతుకులు వేసే పనివాళ్లకు రెజిన్ ఎప్పుడు గట్టిపడుతుందో వేలి కొసతో తెలుసు. ప్రయోగశాల ఉంది, పనివాళ్లున్నారు, క్యాడెట్లున్నారు. వీళ్లంతా ఒక్కచోట కలిసే నీటి అంచే లేదు.

బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 2016 నుంచి వచ్చాయి, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మంచి మాట. కానీ టేబుల్ మీద ఎల్‌ఈడీ వెలిగించి ఫొటో దిగడంతో చాలా ప్రాజెక్టులు ఆగిపోతున్నాయి. నీళ్ల మీద వదిలిన పడవ మొహమాటపడదు. సీలు సరిగా లేకపోతే మునుగుతుంది. అంత నిక్కచ్చిగా దిద్దే పరీక్ష పిల్లలకు అవసరం. రెండడుగుల పడవ, మూడు సెల్స్‌తో మొదలుపెడితే చాలు. పెద్దవాటి దాకా ఎదగడం వాళ్ల పట్టుదలను బట్టి.

ప్రమాదం లేదనడం అబద్ధం. ఎనిమిది కిలోల పడవ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, అంతే బరువు 39 మీటర్ల ఎత్తు నుంచి పడిన దెబ్బతో సమానం. విదేశాల్లో ఎలక్ట్రిక్ మోడల్ పడవలు గంటకు 160 కిలోమీటర్లు కూడా దాటాయి. ఇక లైపో బ్యాటరీ ఉబ్బినా, గుచ్చుకున్నా మంటలు లేవవచ్చు. ఆరు సెల్స్, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ 111 వాట్-అవర్లు. విమానంలో అనుమతి అడగకుండా వెంట తీసుకెళ్లగలిగే 100 వాట్-అవర్ల హద్దును ఒక్కటే దాటేస్తుంది. ఈ బ్యాటరీలను సూట్‌కేసులో పెట్టి తెమ్మని అమెరికా నుంచి వచ్చే బంధువులను అడిగేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సామానులో వేయడం నిషిద్ధం.

ఇంత ప్రమాదం ఉంది కాబట్టే చోటు చూపించాలి. చోటు లేకపోతే పిల్లలు మానేయరు. పండగ పూట జనం తిరిగే ట్యాంక్‌బండ్ల మీదో, ఈత కొట్టే కుంటల్లోనో వదులుతారు. గాలిలో ఎగిరేవాటికి 2021 డ్రోన్ నిబంధనలు పచ్చ, పసుపు, ఎరుపు మండలాలు గీశాయి. మోడల్ పడవలకు అలాంటి పటం లేదు. ఉత్తర అమెరికాలో నాంబా, ఇంప్బా వంటి సంఘాలు దశాబ్దాలుగా నియమావళి నడుపుతున్నాయి. బోయాల చుట్టూ సవ్యదిశలోనే తిరగాలి, మలుపులన్నీ కుడికే. అందుకే పడవను నీటిలో నిలదొక్కించే రెక్క కూడా కుడివైపే బిగిస్తారు. సిగ్నల్ తెగితే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు ఉండాలి. లోపల చెయ్యి పెట్టకుండా కరెంటు తెంచేలా బయటికి కనిపించే తీగ లూపు పెట్టాలి. నీళ్లు నిండినా తేలేలా లోపల ఫోమ్ నింపాలి. ఇవన్నీ తెచ్చి మన చెరువు గట్టు మీద బోర్డుగా రాయడానికి చట్టసభ అక్కర్లేదు, ఒక పురపాలక తీర్మానం చాలు.

మన దగ్గర ఆ బోర్డు మీద మొదటి వాక్యంగా ఇంకొకటి చేర్చాలి. ఆగిపోయిన పడవ కోసం ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. సెలవుల్లో చెరువుల్లో పిల్లల్ని పోగొట్టుకుంటున్న రాష్ట్రాలు మనవి. గేలం కర్రకు టెన్నిస్ బంతి కట్టి విసిరి లాక్కోవచ్చు, మరో చిన్న రిమోట్ పడవతో నెట్టుకురావచ్చు. కుదరకపోతే లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి తెప్ప మీద వెళ్లాలి. లేదంటే పడవ అక్కడే ఉండనీ.

డబ్బున్నవాళ్ల సరదాకు ఊరి చెరువు ఎందుకివ్వాలన్న అభ్యంతరం న్యాయమైనదే. చెరువు మొదట చేపల మీద బతికేవాళ్లది, ఆయకట్టు రైతుది. వాళ్ల సంఘం ఒప్పుకోని చోటికి ఈ పడవలు వెళ్లకూడదు. కొల్లేరు, పులికాట్ వంటి పక్షుల తావులనూ, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువునూ పూర్తిగా వదిలేయాలి. పెట్రోలు పడవలకు అసలే అనుమతి ఇవ్వకూడదు, వాటి రొద, నూనె రెండూ చేటే. ఎలక్ట్రిక్ పడవకు ఆ నూనె బెడద లేదు, రొద చాలా తక్కువ. ఖర్చు మాటకొస్తే, కాలేజీకి ఒక పడవ, పదిమంది పిల్లలు, ఉమ్మడి ఛార్జర్లు, ఉమ్మడి బ్యాటరీలు అనుకుంటే అది డబ్బున్నవాళ్ల చేతుల్లోంచి దానంతటదే బయటపడుతుంది.

అడిగేది పెద్దదేం కాదు. వారానికి ఒక ఉదయం, రెండు మూడు గంటలు. గుర్రపుడెక్క తీసిన రెండెకరాల నీరు, నాలుగు బోయాలు, బ్యాటరీ మంటలకు ఒక ఇసుక బకెట్టు, ఒక తెప్ప, ఎన్‌సీసీ నుంచి ఒక పర్యవేక్షకుడు. మొదటిది విశాఖలో మొదలుపెట్టడం సబబు. నగరపాలక సంస్థ, నౌకాదళ ఎన్‌సీసీ, ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీలు ఒక్కసారి కూర్చుంటే ఈ చలికాలం ముగిసేలోగా చెరువును ఎంచుకోవచ్చు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ ఆ తర్వాత చూసి నేర్చుకుంటాయి. ఆ సమావేశానికి ముందుగా చొరవ తీసుకోవాల్సింది నగరపాలక కమిషనర్లే.