దరఖాస్తులో గడీ

ఉద్యోగ దరఖాస్తులో పేరు రాసిన తర్వాత వచ్చే ప్రశ్న: పురుషుడా, స్త్రీయా? రెండే గడులు. చాలామందికి అది క్షణం పని. ఆ రెండింట్లోనూ పట్టని మనిషికి మాత్రం దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. చదువు, అనుభవం అడిగే చోటిదాకా పోనే పోదు. మూడో గడి ఉన్నచోట కూడా దాని పక్కన రాసే మాట చూడండి: ‘ఇతరులు’. ఎవరికి ఇతరులు? అసలు మనుషులు ఎవరని తేల్చుకుని వీళ్లను ఇతరులు చేశారు?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 2007లో వచ్చిన బీసీ-ఇ జాబితా తీసి చూడండి. ‘తురక కాశ’ అనే పేరు అందులో ఉంది. బజారులో తిట్టుగా విసిరే ‘తురక’ అనే మాటను సర్టిఫికెట్ కావాలంటే మన చేత్తో మనమే రాసివ్వాలి. ఎదుటివాడు పెట్టిన పేరుతో మనల్ని మనం రాసుకోవడం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లం. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో హిజ్రాల మాట మనమే ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తాలి?

ముందు ఆ తిట్టు సంగతి చూద్దాం. ఖ్వాజా అంటే పెద్దమనిషి, దొర. అజ్మీర్ వలీకి ఉన్న బిరుదు అదే. సుల్తానుల, మొగలుల కొలువుల్లో జనానాకు కాపలా ఉన్నవాళ్లను ఖ్వాజాసరాలన్నారు. ఆ గౌరవపు మాటే నోళ్లలో నలిగి తెలుగులో ‘కొజ్జా’ అయింది. సినిమా హాల్లో నవ్వు పుట్టించడానికి పనికొచ్చింది. కాగితాల భాష దీనికంటే మర్యాదైనదేమీ కాదు. ‘నపుంసకుడు’ అంటే మగతనం లేనివాడని అర్థం. లెక్కలు రాయడానికో, పిల్లలకు పాఠం చెప్పడానికో మనిషిని పిలిచేవాడికి ఆ మనిషి మగతనంతో పనేమిటి? 2005లో పాస్‌పోర్టు దరఖాస్తు ఇచ్చిన మూడో అక్షరం ‘ఈ’. యూనక్ అనే ఇంగ్లీషు మాటకు అది పొడి అక్షరం. తిట్టునే సర్కారు ముద్ర కింద అచ్చేశారు.

మన నేల మీద దీని వేరు ఇంకా లోతుకు ఉంది. 1329 ఫస్లీలో, అంటే 1919లో, నిజాం సర్కారు యూనక్‌ల చట్టం తెచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం చాలు, పేరు రిజిస్టరుకెక్కేది. పేరెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. పాలకుడు ముస్లిమని ఈ సంగతి మనం దాచిపెట్టకూడదు. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1948 తర్వాత వచ్చినవాళ్లూ, 1956 తర్వాత వచ్చినవాళ్లూ, 2014 తర్వాత వచ్చినవాళ్లూ ఆ చట్టాన్ని పదిలంగా ఉంచారు. నిజాం చేసిన ప్రతి పనినీ తిట్టిపోసిన వాళ్లకు ఇదొక్కటి అడ్డు రాలేదు. ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో కూడా కోదాడలో ఉన్న చట్టం, పొలిమేర దాటి జగ్గయ్యపేటకు పోతే లేదు. మనిషి అదే, రోడ్డు అదే. వైజయంతి వసంత మొగ్లి, ఆమె తోటివాళ్లు కోర్టుకు పోతే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్లు దాటాక!

రిజిస్టరు పోయింది. దాని బుద్ధి పోయిందా? ఎవరికి వారు చెప్పుకున్నదే వారి జెండర్ అని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం మాత్రం కలెక్టరు సర్టిఫికెట్ తెమ్మంది. కోదాడ మనిషి సూర్యాపేటకూ, మిర్యాలగూడ మనిషి నల్లగొండకూ పెట్టుకోవాలి. నేను మగవాడినని ఏ మగవాడైనా కలెక్టరు దగ్గర కాగితం తెచ్చుకున్నాడా? పదో తరగతి మెమోలో ఒక పేరు, బతుకులో ఇంకో పేరు. ‘తండ్రి/భర్త పేరు’ అడిగే గడి ఇంకొకటి. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టిన బిడ్డ అక్కడ ఏం రాయాలి?

ఒక్క గడి కోసం ఇంత గొడవా అనేవాళ్లున్నారు. తమిళనాడులో ప్రితికా యాషిని ఎస్సై దరఖాస్తును ఆ గడి లేకనే తోసేశారు. 2015లో మద్రాసు హైకోర్టు చెప్పిన తర్వాతే ఆమెకు దారి దొరికింది, 2017లో ఎస్సై అయింది. కర్ణాటకలో కూడా కోర్టు మెట్లెక్కిన తర్వాతే, 2021లో, దరఖాస్తులో గడీ వచ్చింది, ఉద్యోగాల్లో ఒక శాతం వాటా కూడా వచ్చింది. గడి ఒక్కటే ఇచ్చి వాటా ఇవ్వకపోతే అది తలల లెక్కకే పనికొస్తుంది.

వాళ్లు పని చేస్తారా, అడుక్కుంటారు గదా అనేవాళ్లు ఇంకొందరు. దుకాణం ముందు చప్పట్లు కొడితే పది రూపాయలిచ్చి దీవెన తీసుకుంటారు. అదే మనిషి అదే దుకాణంలో గుమాస్తా పని అడిగితే గడప తొక్కనివ్వరు. అన్ని తలుపులూ మూసి, ఎందుకు అడుక్కుంటున్నావని నిలదీయడం ఏం న్యాయం? రైసుమిల్లులో, హైవే హోటల్లో, ప్రైవేటు బడిలో అచ్చు దరఖాస్తే ఉండదు. అక్కడ చూపే దరఖాస్తు, నవ్వే తిరస్కారం.

మేం అడిగేది ఎక్కువేం కాదు. పనికి అవసరం లేనిచోట ఆడా మగా అని అడగొద్దు. అడగక తప్పకపోతే వాళ్లు తమకు తాము చెప్పుకునే మాటే అచ్చెయ్యండి. చెప్పడం ఇష్టం లేనివాళ్లకు ఆ వీలుంచండి. నపుంసకులనే మాటను అన్ని కాగితాల్లోంచీ తీసెయ్యండి. మెమోలో పేరు మార్చుకునే దారి సులువు చెయ్యండి.

ఈ జిల్లాల జనం దొరల గడీలను కూల్చినవాళ్లు. కాగితం మీది గడి వాటికంటే చిన్నదే. కానీ లోపలికి ఎవరు రావాలో, ఎవరు బయట నిలబడాలో చెప్పేది అదీ ఇదీ ఒక్కటే. మనల్ని తురకలని రాసిన కలమే వాళ్లను ఇతరులని రాసింది. ఆ కలాన్ని గుర్తుపట్టి కూడా మాట్లాడకపోతే, మన అస్తిత్వం గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిది?