వృద్ధుల సేవకూ చదువు కావాలి

సిక్కోలు సీమకు వలస కొత్త కాదు. తాతల కాలంలో రంగూన్ ఓడలెక్కారు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, చెన్నై నగరాల్లో కట్టడం పనులకు రైళ్ళెక్కుతున్నారు. మత్స్యలేశం, తిప్పలవలస వంటి తీర గ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ చేరి, నెలల తరబడి బోట్ల మీదే కాలం గడుపుతున్నారు. చదువుకున్న పిల్లలు విశాఖపట్నం కూడా దాటిపోయారు. ఇంటి దగ్గర మిగిలింది ముసలివాళ్ళు. సంక్రాంతికి వచ్చిన కొడుకూ కోడలూ తిరిగి బస్సెక్కగానే ఆ ఇళ్ళ అరుగులు మళ్ళీ బోసిపోతాయి.

ఈ పెద్దలను ప్రభుత్వం పూర్తిగా మరచిందని అనలేము. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయించారు. సచివాలయ ఉద్యోగులు ఇంటికే వచ్చి డబ్బు చేతిలో పెడుతున్నారు. ఇది హర్షించదగినదే. అయితే ఆ డబ్బు అందుకున్న మనిషిని పక్కకు ఒత్తిగిలించేదెవరు? స్నానం చేయించేదెవరు? వేళకు మాత్ర వేసేదెవరు? "కాలూ చెయ్యీ ఆడినంత కాలమే బాబూ, ఆ తరవాత ఏటో" అన్న మాట ఈ ప్రాంతంలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. ఆ "ఏటో" అన్నదానికి మన దగ్గర ఇంకా జవాబు లేదు.

లెక్కలు చూస్తే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు నూటికి 8.6 మంది కాగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 మంది. కేంద్ర నిపుణుల బృందం అంచనా ప్రకారం విభజిత ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2021 నాటికి 12.4, 2031 నాటికి 16.4 శాతం. అంటే ఆరుగురిలో ఒకరు వృద్ధులే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభా 2011లో 50 లక్షలు. రాష్ట్ర సగటునే తీసుకున్నా, ఆనాటికే ఈ రెండు జిల్లాల్లో సుమారు ఐదు లక్షల మంది పెద్దలున్నట్టు. చూడవలసినవారు పెరుగుతున్నారు, చూసే చేతులు వలస పోతున్నాయి.

ముసలివాళ్ళను చూసుకోవడం ఎవరికి రాదు, దానికీ చదువేమిటి అని కొందరు పెదవి విరుస్తారు. కాస్త ఆలోచించాలి. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకుంటే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి చోడి అంబలి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. చక్కెర వ్యాధి ఉన్నవారి అరికాళ్ళను రోజూ పరీక్షగా చూడాలి. మతిమరుపు వచ్చిన అవ్వ సంధ్యవేళ "మా ఇంటికి పోతాను" అని గుమ్మం దాటబోతే తిట్టకూడదు, కట్టి పడేయకూడదు. మాటల్లో పెట్టి మరలించాలి. ఇవన్నీ ప్రేమ ఉన్నంత మాత్రాన తెలిసేవి కావు, ఒకరు నేర్పితే తెలిసేవి.

ఉద్దానం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కిడ్నీ జబ్బు ముదిరినవారికి రోజుకు నీళ్ళు ఎంత, ఉప్పు ఎంత అన్నదాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఒళ్ళు నొప్పులని దుకాణంలో బిళ్ళ కొని వేస్తే అదే ముప్పు తెస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. మంచిదే. కానీ డయాలసిస్ చేయించుకున్న తాత సాయంత్రానికి తిరిగి చేరేది తన ఇంటికే. అక్కడ ఆయన్ను కనిపెట్టి ఉండే మనిషికి ఈ సంగతులు ఎవరు చెప్పారు?

ఇప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారో చూద్దాం. ఇంట్లో ఉంటే కోడలు, లేదా కూలి మానుకుని పుట్టింటికి వచ్చిన కూతురు. అదీ లేకపోతే పక్కింటివారి దయ. మరోవైపు మన పల్లెల్లో పదో, ఇంటరో చదివిన ఆడపిల్లలు పట్టణాలకు పోయి, హోమ్ నర్సులన్న పేరుతో పరాయి ఇళ్ళలో వృద్ధులకు రాత్రింబగళ్ళు సేవ చేస్తున్నారు. పేరుకు నర్సులే గాని శిక్షణ అంతంతమాత్రం. మనిషిని పంపిన సంస్థ కమీషను తీసుకుంటుంది. ఇంటివారు పనిమనిషిగా చూస్తారు. పదేళ్ళు చేసినా పదోన్నతి లేదు, చేతిలో ఒక కాగితం లేదు. ఇంత బాధ్యత గల పనికి ఇంత తక్కువ గౌరవం ఇవ్వడం మన సమాజానికి తగదు.

ఇక ఆశ్రమాల విషయం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధులకు దశలవారీగా, తొలుత జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా వసతి ఉండే ఆశ్రమాలను ప్రభుత్వాలు పెట్టవచ్చునని 19వ సెక్షన్ చెబుతోంది. "పెట్టవచ్చు" అన్నారే గాని "పెట్టి తీరాలి" అనలేదు. అక్కడే చాలా రాష్ట్రాల్లో పని నెమ్మదించింది. అదలా ఉంచి, రేపు భవనం కట్టినా దాన్ని నడిపేదెవరన్నది అసలు ప్రశ్న.

నూట యాభై మంది పెద్దలను ఒక కప్పు కింద సాకడం సామాన్యమైన పని కాదు. ఎవరికి ఏ మందు, ఎన్ని గంటలకు అన్నది పుస్తకంలో రాయాలి. రాత్రి డ్యూటీకి మనిషి రాకపోతే మరొకరిని సర్దాలి. చక్కెర ఉన్నవారికి ఒక వంట, పళ్ళు లేనివారికి ఒక వంట చూడాలి. గ్రాంటు లెక్కలు ఆడిట్‌కు నిలవాలి. కొడుకు తిండి పెట్టడం లేదని వచ్చిన తల్లికి, ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చునని, అక్కడ వకీలుతో పని లేదని చెప్పగలగాలి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చునని కూడా తెలిసి ఉండాలి. చివరికి ఒక పెద్దాయన కన్నుమూస్తే, దూరాన ఉన్న బిడ్డలకు కబురు పెట్టి కర్మకాండ జరిగేటట్టు చూడాలి. పలాసలో జీడిపప్పును గ్రేడులుగా ఏరే మనిషికి కూడా నేర్పు చూసే పనిస్తారు. మనుషులను సాకే చోట మాత్రం మంచి మనసుంటే చాలనుకుంటున్నాము. స్థాపించిన పుణ్యాత్ముడు మంచాన పడగానే ఆశ్రమం కూడా మంచాన పడడానికి కారణం ఇదే.

ఈ చదువు దేశంలో లేనిదేమీ కాదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి సారథ్యంలో వృద్ధాప్యంపై పరిశోధన కేంద్రం దశాబ్దాల కిందటే పనిచేసింది. మద్రాసులో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక వైద్య విభాగం ఆరంభించారు. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ వృద్ధుల సంరక్షణలో కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సుల నుంచి ఏడాది పీజీ డిప్లొమా దాకా రూపొందించింది. ఇగ్నో విశ్వవిద్యాలయం ఇంటివద్ద ఆరోగ్య సంరక్షణపై సర్టిఫికెట్ కోర్సునూ, డాక్టర్లకు వృద్ధుల వైద్యంలో డిప్లొమానూ తెచ్చింది. కానీ మెళియాపుట్టిలోనో, మెంటాడలోనో ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయిలో ఎంతమందికి వీటి పేర్లు తెలుసు?

పొరుగున కేరళ చేసింది చూడదగినది. కోజికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ తదితరులు దీర్ఘరోగులకు నొప్పి తగ్గించే సేవ మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానిని తన విధానంగా ప్రకటించింది. శిక్షణ పొందిన నర్సు, ఆమె వెంట ఊరి వాలంటీర్లు మంచాన పడినవారి ఇళ్ళకు వెళ్తున్నారు. ఇందులో పంచాయతీలకూ భాగముంది. జపాన్ 1987లోనే వృద్ధుల సంరక్షకుల అర్హతకు చట్టం చేసి, 2000లో దీర్ఘకాల సంరక్షణకు బీమా తెచ్చింది. అక్కడ ఇది పరీక్ష రాసి సంపాదించుకునే వృత్తి.

ఆశ్రమాలూ శిక్షణలూ వస్తే కన్నవారిని వదిలేసే కొడుకులు పెరుగుతారని కొందరి భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ శిక్షణ పొందిన మనిషి వారానికి రెండుసార్లు గుమ్మం తొక్కితే, అలసిపోయిన కోడలికి ఊపిరి సలుపుతుంది. ముసలాయన తన మంచం మీదే, తన ఊళ్ళోనే ఉండగలుగుతాడు. మంచి సేవ అందితే ఆశ్రమం అవసరమే తగ్గుతుంది.

రెండో ప్రశ్న యువకులది. చదివితే ఉద్యోగమేది? ఇది న్యాయమైన ప్రశ్న. పోస్టు లేని కోర్సు పెట్టడమంటే పిల్లలను మోసం చేయడమే. అలాంటి సర్టిఫికెట్లు ఎన్నో ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్నాయి. కాబట్టి ముందు పోస్టు, వెంటనే కోర్సు అన్న క్రమం పాటించాలి. గ్రాంటు తీసుకునే ప్రతి ఆశ్రమానికీ శిక్షణ పొందిన నిర్వాహకుడు ఉండాలని నియమం పెట్టాలి. ప్రతి మండలంలో ఇంటింటి వృద్ధ సేవకు కనీసం ఇద్దరిని నియమించి, వారిపై జిల్లాకొక సమన్వయకర్తను ఉంచాలి. సేవకురాలిగా చేరిన అమ్మాయి అనుభవం మీద, పై చదువు మీద ఆశ్రమ నిర్వాహకురాలిగా, తర్వాత జిల్లా బాధ్యురాలిగా ఎదిగే మెట్లు కనిపించాలి.

వసతులు మన దగ్గరే ఉన్నాయి. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో మరొకటి వచ్చింది. ఆశ్రమాన్ని నడపడం, లెక్కలు, చట్టం విశ్వవిద్యాలయం చెప్పవచ్చు. రోగిని చూసే పద్ధతి వైద్య కళాశాలల వార్డుల్లో నేర్పవచ్చు. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో సవర, జాతాపు యువతులకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించాలి. సవర భాష తప్ప మరొకటి రాని అవ్వకు ఎక్కడ నొప్పి ఉందో మైదానం నుంచి వచ్చిన నర్సు కన్నా ఆ గూడెం పిల్ల బాగా తెలుసుకోగలదు.

సంగీతం నేర్పడానికి 1919లోనే కళాశాల పెట్టిన ఊరు విజయనగరం. పాటకు గురువు కావాలని వందేళ్ళ కిందటే గుర్తించిన ఈ గడ్డ, పెద్దల సేవకూ గురువు కావాలని ఇప్పుడైనా గుర్తించాలి. జిల్లా కలెక్టర్లు, విశ్వవిద్యాలయ అధికారులు, ఈ ప్రాంత శాసనసభ్యులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. వచ్చే విద్యా సంవత్సరానికి రెండు జిల్లాలకూ కలిపి ముప్పై సీట్లు, ఆ ముప్పై మందికీ ముప్పై పోస్టులు చూపించి మొదలుపెట్టినా చాలు.