కాకిబంగారం

పుస్తకాల గురించి రాసుకునే చోట కనురెప్పల రంగుల ప్రస్తావన ఏమిటని కొందరు మిత్రులు ముక్కు విరవవచ్చు. విరవనీయండి. ప్రబంధ నాయికల కాటుక కళ్ళ వర్ణనలకు పరవశించే మనం, ఆ కళ్ళకు నేడు పూసే పదార్థం ఏ నేలలోంచి, ఎవరి చేతుల మీదుగా వస్తోందని అడగడం మాత్రం సాహిత్యానికి సంబంధించని విషయమంటే, అటువంటి రసికత మీద నాకు గౌరవం లేదు.

సంగతి ఇలా మొదలైంది. మా మేనకోడలికి పెళ్ళి కుదిరింది. ముస్తాబుకు ఏ ఐషాడో నప్పుతుందో తేల్చుకోవడానికి నాలుగు డబ్బాలు కొనితెచ్చి, "అత్తా, నీదీ నాదీ ఒకటే చామనఛాయ, ప్రయోగం నీ మీదే" అంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, మొదట ముంజేతి మీద నాలుగు చారలు గీసి, తరువాత రెప్పల మీద మార్చి మార్చి పూసి చూశాం.

మొదటిది మెరుపులేని మాట్ రకం, లేత గులాబీ. డబ్బాలో గులాబీ రేకులా ఉన్న రంగు నా రెప్ప మీద విభూతి పూసినట్టు తేలింది. లేత రంగుల్లో టాల్కు, టైటానియం డయాక్సైడు వంటి తెల్లని పొడుల పాలు ఎక్కువ. పాలిపోయిన చర్మంలో కలిసిపోయే ఆ తెలుపు మన ఛాయ మీద బూడిదగా బయటపడుతుంది. రెండవదీ మాట్ రకమే, ఇటుక కలిసిన గోధుమరంగు. ఎరుపు, పసుపు, నలుపు ఇనుప ఆక్సైడుల పుణ్యమా అని హాయిగా ఒదిగిపోయింది కానీ, సాయంత్రానికి రెప్ప ముడతలోకి జారి గీతకట్టింది.

మూడవది షిమ్మర్, రాగిరంగు. వేలితో అద్దగానే చింతపండుతో తోమిన రాగిచెంబులా తళుక్కుమంది. నాలుగవదీ అదే రంగు, అదే తరహా. కాకపోతే దాని మెరుపు మరింత తేటగా, కొంచెం చల్లగా తోచింది. చీకటి పడేదాకా రెండూ చెక్కుచెదరలేదు. మాకు నచ్చినవీ ఈ రెండే.

ఈ రెంటికీ తేడా ఏమిటా అని డబ్బాల వెనుక చీమతలలంత అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మూడవదాని మీద "మైకా", పక్కనే సీఐ 77019 అన్న సంఖ్య. నాలుగవదాని మీద "సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్" అనే నోరు తిరగని పేరు. మొదటిది భూమిలో దొరికే అభ్రకం. రెండవది మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ సమ్మేళనాలను ఫ్లోరైడుతో కలిపి కొలిమిలో కరిగించి చేసే కృత్రిమ అభ్రకం. ఏదైనా పని ఒక్కటే: పలుచని రేకు మీద టైటానియం డయాక్సైడు పూత వేస్తారు, పూత మందాన్ని బట్టి కాంతి విరిగి రంగులు చిమ్ముతుంది. వాననీటి మీద తేలే నూనెపొరలో కనిపించే ఇంద్రధనుస్సు వంటిదే ఇదీ.

అభ్రకాన్ని మన పెద్దలు కాకిబంగారం అన్నారు. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు అభ్రకం గనులు ఒకప్పుడు పేరుమోసినవి. మా అమ్మమ్మగారి ఊరు ఆ దాపునే. దారి పక్కన మెరిసే పెళ్ళలు ఏరి, గోటితో పొరలు పొరలుగా ఒలిచి, నోటుపుస్తకంలో నెమలికన్ను పక్కన దాచుకున్న బాల్యం నాది. నాకది ఆట. అదే వయసు పిల్లలకు మరొకచోట అదే కూలిపని.

ఆ చోటు జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ జిల్లాలు, వాటిని ఆనుకున్న బీహారులోని నవాదా. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం తరువాత అక్కడి గనులు చాలావరకు మూతపడ్డాయి. గనులు మూసినా గిరాకీ మూతపడలేదు. వదిలేసిన గుంతల్లోనూ, తవ్విపోసిన గుట్టల్లోనూ కుటుంబాలకు కుటుంబాలే తునకలు ఏరి దళారులకు అమ్ముకుంటాయి. ఎలుకబొరియల వంటి ఆ సొరంగాల్లో దూరడానికి చిన్న ఒళ్ళే అనువు. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు ఆరా తీస్తే, రెండు నెలల్లోనే కనీసం ఏడుగురు పిల్లలు అక్కడ చనిపోయారని తేలింది. ఈ మూడు జిల్లాల అభ్రకం ప్రాంతాల్లో 5,000 మందికి పైగా పిల్లలు బడికి పోవడం లేదని 2019లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సర్వే వెల్లడించింది.

ఇప్పుడు ఐషాడోలను పరీక్షించి తూకం వేసే వారిని ఒక మాట అడుగుతాను. రంగు చిక్కదనానికి ఇన్ని మార్కులు, ఎన్ని గంటలు నిలిచిందో దానికి ఇన్ని, పొడి రాలిందా లేదా, ధర గిట్టుబాటా కాదా. అన్నీ కొలుస్తారు. ఎక్కడిది అన్న ఒక్క ప్రశ్నకు మీ పట్టికలో గడి ఎందుకు లేదు? చీర కొంటే అది ఏ ఊరి నేతో అడుగుతాం. మామిడిపండు కొంటే ఏ తోటదో అడుగుతాం. కంటి మీద పూసుకునేదాన్ని మాత్రం అడగం.

దీనికి వచ్చే జవాబులు మూడు. "మానేస్తే సరి" అన్నది మొదటిది. తునకలు ఏరడం తప్ప వేరే ఆధారంలేని కుటుంబం, మనం కొనడం మానిన మర్నాడు ఏం తింటుంది? మన చేతులు కడుక్కోవడానికి వాళ్ళ కంచం లాగేయడం ధర్మం కాదు. పెద్దవాళ్ళకు చట్టబద్ధమైన పని, న్యాయమైన ధర, పిల్లలకు బడి కావాలి. పరిశ్రమ వారే 2017లో రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అనే సంస్థగా కూడారంటే, సమస్య ఉందని వారూ ఒప్పుకున్నట్టే కదా.

"కృత్రిమ అభ్రకం ఉందిగా" అన్నది రెండవది. ఉంది, మెరుపులో అది దేనికీ తీసిపోదని నా రెప్పల మీదే రుజువైంది. కానీ అది కొనేవారి మనస్సాక్షికి ఊరట మాత్రమే, గుంతలో దిగిన పిల్లవాడికి కాదు.

మూడవది నాకు అరికాలి మంట నెత్తికెక్కించే జవాబు: "ఆడవాళ్ళ సోకుల వల్లే ఇదంతా." అయ్యా, మీ కారు మీది నిగనిగ దేనివల్ల అనుకున్నారు? మోటారు వాహనాల రంగుల్లో, విద్యుత్ పరికరాల్లో, గోడల పూతల్లో కూడా అభ్రకమే ఉంటుంది. పాపం మాత్రం కనురెప్ప మీదికే నెట్టడం ఏ నీతి? అందరం పంచుకోవలసిన ప్రశ్న ఇది. అంతమాత్రాన మా వంతు ప్రశ్నను నేను వదులుకోను.

లేబులు మీద పదార్థం పేరుంటుంది, పుట్టిన ఊరుండదు. అందుకే ఆ మూడవ డబ్బా తయారీదారులకు ఉత్తరం రాశాను. "బాధ్యతాయుతమైన వనరుల నుండి సేకరిస్తాం" అని జవాబు వచ్చింది. ఏ జిల్లా, ఎవరు తనిఖీ చేశారు అని మళ్ళీ రాస్తే మౌనం. ఒక్కదాన్ని అడిగితే మౌనం వస్తుంది. పరీక్షించి రాసే ప్రతివారూ అడిగి, జవాబు రాకపోతే "జవాబు లేదు" అని ఆ గడిలో రాసిపెడితే, ఆ మౌనానికి కూడా ఖరీదు కట్టవలసి వస్తుంది.

మేనకోడలు నాలుగవ డబ్బా ఎంచుకుంది. మూడవది నా బల్ల మీదే ఉంది. పారేయలేదు, పూసుకోనూలేదు. ఇంకో ఉత్తరం రాయాలి. నాతో విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యానించవచ్చు. కానీ ముందుగా మీ ఇంట్లోని డబ్బా ఒకటి తిరగేసి, వెనుక ఏముందో చదివి రండి.